దారాలు కత్తిరించడమూ పనే

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని ఆడవాళ్ళు ఇంటి దగ్గరే సంపాదించుకోవచ్చని మీ మహిళల పేజీలో రాశారు. పెట్టుబడి ఎంత, మిషన్లు ఎన్ని రకాలు, డిజైన్లు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ వివరంగానే ఉన్నాయి. అయితే డిజైన్ ఎక్కించి బటన్ నొక్కితే మిగతాదంతా మిషనే చూసుకుంటుందన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. ఆ మిగతాది చూసుకునేది మిషన్ కాదండీ, నేను. నాలాంటివాళ్ళు.

మాది శ్రీకాకుళం. జీటీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో మా కోడలు సింగిల్ హెడ్ మిషన్, అంటే ఒకసారికి ఒక్క బట్టే కుట్టే మిషన్ నడుపుతోంది. మిషన్ దగ్గర ఆ అమ్మాయి, కత్తెర దగ్గర నేను. అంతకు ముందు చాలా ఏళ్ళు జాకెట్లు కుట్టి, హుక్కులు వేసి, చీరలకు ఫాల్ వేసి పిల్లలను చదివించుకున్నాను. మోకాళ్ళు మొరాయించాక కుట్టుమిషన్ తొక్కడం మానేశాను. ఇప్పుడు గుడ్డను బిగించే ఫ్రేమ్ నుంచి దిగిన బట్టకు దారాలు కోయడం, కుట్టు నిలవడానికి గుడ్డ వెనక వేసిన పేపర్ తీయడం, ఇస్త్రీ చేసి కవర్‌లో పెట్టడం నా పని. షాపుకి వచ్చేవాళ్ళు మిషన్‌ను చూస్తారు, రంగులు చూస్తారు, మూల కూర్చున్న నన్ను చూసి "పెద్దావిడ ఊసుపోక ఏదో చేసుకుంటోంది" అనుకుంటారు. అనుకోనివ్వండి. నా బాధ నా గురించి కాదు. ఇదే పనికి షాపుల్లో కూలికి వచ్చే అమ్మాయిల గురించి రాస్తున్నాను.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. జాకెట్టు చేతి మీద ఒక పువ్వు కుట్టాక సూది పక్క పువ్వుకు వెళ్ళాలి. సూది దిగదు, ఫ్రేమ్ మాత్రం జరుగుతుంది. మధ్య ఖాళీ గుడ్డ మీద దారం అడ్డంగా పడి ఉంటుంది. దాన్ని జంప్ అంటాం. పైన ఒక దారమే కనిపిస్తుంది గానీ వెనక బాబిన్ దారం, అంటే కింది నుంచి వచ్చే దారం కూడా అలాగే పరుచుకుని ఉంటుంది. అంటే ఒక్క జంప్‌కు పైన రెండు కొసల దగ్గర, వెనక రెండు కొసల దగ్గర, మొత్తం నాలుగు కోతలు. చిన్న చిన్న బుటీలు జల్లినట్టుండే డిజైన్‌లో 300 జంప్‌లు ఉన్నాయనుకోండి, 1200 కోతలు. ఒక జాకెట్టుకి.

ఖరీదైన మిషన్లలో ఆటోమేటిక్ కట్టర్ ఉంటుంది. నీడిల్ ప్లేట్ కింద చిన్న కత్తి కదిలి పై దారాన్నీ బాబిన్ దారాన్నీ ఒకేసారి కోస్తుంది. గొప్ప సదుపాయమే, కాదనను. కాకపోతే అది కోశాక కూడా వెనక కొసలు మిగులుతాయి, మళ్ళీ కుట్టు మొదలైన చోట పైన ఒక కొస లేచి ఉంటుంది. పైగా దారాల నూగు, పేపర్ పొట్టు ఆ కత్తి దగ్గర పేరుకుంటే సగమే తెగుతుంది. తెగని సగాన్ని సూది పక్క పువ్వు దాకా ఈడ్చుకుపోతుంది. బాబిన్ మార్చిన ప్రతిసారీ అక్కడ బ్రష్‌తో దులపాలి. దులపని షాపుల్లో ఆ భారం కూడా కత్తెర పట్టుకున్న అమ్మాయి మీదే పడుతుంది.

ఇక కోయడం ఎలా అన్నది. ఇది ఎవరూ నేర్పరు. "ఇదిగో కత్తెర, కొయ్యి" అంటారు, అంతే శిక్షణ.

ముందు ఎప్పుడు కోయాలో తెలియాలి. డిజైన్ అంతా అయిపోయాక తీరిగ్గా కూర్చుని కోస్తామంటారు చాలామంది. ఆకుపచ్చ జంప్ దారం మీద నుంచి బంగారు రంగు గీత కుట్టేసిందనుకోండి, ఆ పచ్చ ఇక జన్మలో బయటికి రాదు. కుట్టు అంచు నుంచి సన్నగా తొంగి చూస్తూనే ఉంటుంది, దాన్ని పీకబోతే బంగారు కుట్టు చెదురుతుంది. అందుకే ఒక రంగు పూర్తయి మిషన్ ఆగగానే, ఫ్రేమ్ విప్పకుండానే ఆ రంగు జంప్‌లు కోసేయాలి. ఫ్రేమ్‌లో గుడ్డ బిగుతుగా ఉంటుంది కాబట్టి దారం విడిగా లేస్తుంది. విప్పాక గుడ్డ వదులై కత్తెర నోట్లోకి వచ్చేస్తుంది. ఇంకో మాట, కోసేటప్పుడు ఫ్రేమ్ మీద మోచెయ్యి ఆన్చకూడదు. ఫ్రేమ్ ఏ కాస్త జరిగినా తర్వాత వచ్చే రంగు పక్కకు పడుతుంది, పువ్వుకీ దాని అంచుకీ మధ్య గుడ్డ కనబడుతుంది. అప్పుడు తిట్లు మిషన్‌కి పడతాయి, లేకపోతే డిజైన్‌కి.

కత్తెర సంగతి. బట్టలు కోసే పెద్ద కత్తెర దీనికి పనికిరాదు. మొన వంపు తిరిగిన చిన్న కత్తెర దొరుకుతుంది. వంపు పొట్ట గుడ్డకు ఆనాలి, మొన పైకి చూడాలి. కొత్తవాళ్ళు సరిగ్గా దీన్నే తిరగేసి పట్టుకుంటారు, మొన గుడ్డలోకి దిగుతుంది. వేళ్ళ మధ్య నొక్కే స్ప్రింగ్ కట్టర్ వెనక వైపు పనికి హాయిగా ఉంటుంది, రోజంతా కోసినా బొటనవేలు కాయ కాయదు. దారాన్ని పట్టుకారుతో కొంచెం లేపాలి, లాగకూడదు. లాగి కోస్తే అప్పటికి భలే నున్నగా కనిపిస్తుంది, కానీ సాగిన దారం తెగిన వెంటనే వెనక్కి పోతుంది. ముడి పడ్డ చోటు నుంచి కూడా జారిపోవచ్చు. పైన 1-2 మిల్లీమీటర్లు వదిలి కోస్తే చాలు, వెనక అర సెంటీమీటరు ఉంచాలి. మరీ గుడ్డకు అంటించి కోయాలన్న ఆత్రమే చాలా జాకెట్ల కొంప ముంచింది. పైన ఉండిపోయిన మొండి కొసను కోయడం కన్నా, సన్నటి కొక్కెం సూదితో వెనక్కి లాగేసి అక్కడ కోయడం మంచిది.

జరీ దారంతో వేరే తంటా. దాని మధ్యలో ఒక పోగు ఉంటుంది, చుట్టూ మెరిసే సన్నటి రేకు చుట్టి ఉంటుంది. మొద్దు కత్తెరతో నమిలినట్టు కోస్తే రేకు విడిపోయి లోపలి తెల్ల పోగు బయటికొస్తుంది. ఆ కొస చర్మానికి గుచ్చుకుంటుంది కూడా. జరీకి వేరే కట్టర్ పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ రేకు కత్తెర పదునును తినేస్తుంది. ఒక్క దెబ్బకు తెగాలి. మా ఇంట్లో జరీ కట్టర్‌కు ఎర్ర దారం కట్టి ఉంటుంది, దాన్ని వేరే దేనికైనా తీస్తే నాకు కోపం వస్తుందని మనవడికి కూడా తెలుసు.

కొంతమంది లైటర్ వెలిగించి కొసలు కాల్చేస్తారు. పాలిస్టర్ దారం 250-260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగి చిన్న గట్టి ఉండగా మారుతుంది. మెడ వెనక అలాంటి ఉండలు పదో ఇరవయ్యో ఉంటే పెళ్ళికూతురు పీటల మీద కూర్చుని మెడ గోక్కుంటుంది. రేయాన్ దారం కరగదు, కాగితం కాలినట్టే కాలిపోతుంది. పట్టు అయితే మాడి జుట్టు కాలిన వాసన వేస్తుంది. అంటే ఏ దారమో, ఏ గుడ్డో తెలియకుండా లైటర్ ముట్టుకోకూడదు. పట్టు మీద నేనైతే ఎప్పుడూ ముట్టించను, తెలిసినా ముట్టించను.

పేపర్ తీయడం కూడా ఇందులో భాగమే. బొటనవేలు కుట్టు మీద గట్టిగా అదిమి, కుట్టు వైపుకే చించాలి. ఎత్తి బర్రున లాగితే పేపర్‌తో పాటు కొత్త దారాలూ లేస్తాయి. నెట్ గుడ్డకైతే కొసలు రెండు వైపులా కనిపిస్తాయి కాబట్టి నీళ్ళలో కరిగే షీట్ వేసి కుడతారు. దాన్ని తడిపే ముందే దారాలన్నీ కోసేయాలి, తడిశాక నెట్ మెత్తబడి చేతికి చిక్కదు. నల్ల నెట్ కింద తెల్ల కాగితం, తెల్ల నెట్ కింద నల్ల కాగితం పెట్టుకుంటే దారం కనిపిస్తుంది. దీపం నెత్తి మీద కాదు, పక్క నుంచి పడాలి. పక్క వెలుతురులో ప్రతి కొసకూ నీడ పడుతుంది, ఆ నీడను చూసే కోస్తాం. నల్ల గుడ్డ మీద నల్ల దారం మాత్రం పగలే చేసుకోవాలి. రాత్రి ఎంత పెద్ద లైటు పెట్టినా కళ్ళు నీరు కారడమే మిగులుతుంది.

కరెంటు గురించి కూడా రాయాలి. కుట్టు మధ్యలో కరెంటు పోతే, వచ్చాక మిషన్‌ను కొన్ని కుట్లు వెనక్కి తీసుకెళ్ళి మొదలుపెడతాం. ఆ చోట కుట్టు మీద కుట్టు పడి, పాత కొస పైనే ఉండిపోతుంది. ఎండాకాలం పెళ్ళిళ్ళ సీజన్‌లో మా దగ్గర ఇలాంటి అతుకులు లేని జాకెట్టు అరుదు. అవి ఎక్కడున్నాయో మా కోడలు పేపర్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇస్తుంది. అలా గుర్తు పెట్టే షాపు నాకు తెలిసినంతలో ఇంకోటి లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దారాలు బాగా కోయడం అన్నది సగమే కత్తెర చేతిలో ఉంది. మిగతా సగం డిజైన్ తయారుచేసిన మనిషి చేతిలో ఉంది.

మన షాపుల్లో తిరిగే డిజైన్లు ఎక్కువగా డీఎస్‌టీ ఫైళ్ళు. జపాన్ తజిమా మిషన్ల కోసం వచ్చిన ఫార్మాట్ అది, ఇప్పుడు దాదాపు అన్ని మిషన్లూ చదువుతాయి. పెన్‌డ్రైవ్‌లో వందలకొద్దీ డిజైన్లు చేతులు మారుతుంటాయి. అందులో ఒక చిత్రం ఉంది. దారం కొయ్యి అని చెప్పే ఆదేశం డీఎస్‌టీలో విడిగా ఉండదు. కుట్టు వేయకుండా వరసగా కొన్ని జంప్‌లు వస్తే, ఇక్కడ కోయాలి కాబోలు అని మిషనే అర్థం చేసుకుంటుంది. ఎన్ని జంప్‌లకు కోయాలన్నది మిషన్ సెట్టింగ్‌లో పెట్టుకోవాలి, చాలావాటిలో మూడు ఉంటుంది. ఎవరో ఆ అంకె మార్చేసి వెళ్ళారనుకోండి, జాకెట్టంతా దారాల వల అయి దిగుతుంది. లేదా అడుగడుక్కీ ఆగి కోస్తూ, వెనక అంతా బొచ్చుగా తయారవుతుంది. పాపం, మిషన్ పాడైందని మెకానిక్‌కి ఫోన్లు చేసేవాళ్ళను చూశాను.

మంచి డిజైనర్ ఒక ఆకు ఎక్కడ ముగిస్తాడో పక్క ఆకు అక్కడికి దగ్గర్లోనే మొదలుపెడతాడు. తప్పక వెళ్ళాల్సి వస్తే తర్వాత శాటిన్ కుట్టు, అంటే దగ్గర దగ్గరగా నిండుగా పడే కుట్టు పడబోయే దారిలో ఒంటి వరస రన్నింగ్ కుట్టు వేసుకుంటూ వెళ్తాడు. అది పైకుట్టు కింద దాగిపోతుంది, కోయాల్సిన పనే ఉండదు. తొందరలో చేసినవాడి డిజైన్‌లో సూది ఎడమ భుజం మీద ఒక ఆకు, కుడి చేతి మీద ఒక ఆకు, మళ్ళీ వెనక్కొచ్చి మెడ దగ్గర ఒక మొగ్గ కుడుతూ తిరుగుతుంది. కుట్టాక రెండు జాకెట్లూ ముందు నుంచి ఒకేలా ఉంటాయి. కత్తెర పట్టుకునేవాళ్ళకి మాత్రం ఒకటి పావుగంట పని, ఇంకోటి సగం పూట.

ఇంతకన్నా ముఖ్యమైనది లాక్ కుట్టు. ప్రతి భాగం మొదట్లో, చివర్లో మూడు నాలుగు అతి చిన్న కుట్లు ఒకే చోట పడాలి. అదే ముడి. అది లేకుండా చేసిన డిజైన్లు బోలెడు తిరుగుతున్నాయి. ముడి లేనప్పుడు కొస ఎంత వదిలి కోసినా, రెండు ఉతుకులకు పువ్వు విడిపోతుంది.

ఇదే ఒక అమ్మాయి మెడకు చుట్టుకుంది. పట్నంలోనే ఒక షాపులో దారాలు కోసే పనికి వెళ్ళేది. పట్టు జాకెట్టు మీద వరసగా మొగ్గలు ఊడిపోయాయని కస్టమర్ గొడవ చేస్తే, నువ్వే కుట్టు తెంపేశావని ఆ షాపువాళ్ళు వారం కూలిలో కోసేసుకున్నారు. "ఏటి పిన్నీ, కొస వదిలే కోశాను గదా, ఎలా ఊడతాది?" అని ఆ జాకెట్టు ఫొటో తెచ్చి చూపించింది. ఊడిన మొగ్గలన్నీ ఒకే రంగువి, అన్నీ ఒకే వైపు నుంచి విడిపోయాయి. కత్తెర తగిలి ఉంటే ఒకటో రెండో, ఎక్కడ పడితే అక్కడ ఊడేవి. ఆ రంగుకు డిజైన్‌లో లాక్ కుట్టే లేదు. ఫోన్‌లో అదే డిజైన్ తెప్పించుకుని మా కోడలు పాత లైనింగ్ గుడ్డ మీద ఆ ఒక్క మొగ్గ కుట్టి చూపించింది. వేలితో ఇలా అంటే విడిపోయింది. ఆ అమ్మాయి వెళ్ళి చెబితే, ఆ షాపువాళ్ళు విన్నారు గానీ కోసిన కూలి మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె అక్కడ పనిచేయడం లేదు.

షాపులవాళ్ళకు నేను చెప్పేది, కొత్త డిజైన్ ఏదైనా పట్టు మీదికి ఎక్కించే ముందు ముక్క గుడ్డ మీద కుట్టి, దారాలు కోసి, వేలితో గీకి చూడండి. ముడి పడ్డ చోట చిన్న చుక్కలా గట్టిగా తగలాలి. తగలకపోతే ఆ డిజైన్ వద్దు, లేదా డిజైనర్‌కి తిప్పి పంపి లాక్ వేయించండి. ఇది కత్తెర పట్టిన మనిషి తప్పు కానే కాదు.

కూలి గురించి. మన దగ్గర దారాలు కోసేదానికి జాకెట్టుకి ఇంత అని ఇస్తారు. 30 జంప్‌ల జాకెట్టుకీ అంతే, 300 జంప్‌ల జాకెట్టుకీ అంతే. అదే షాపు కస్టమర్ దగ్గర ఎలా తీసుకుంటుంది? వెయ్యి కుట్లకు ఇంత అని లెక్క. కుట్లు ఎక్కువైతే రేటు ఎక్కువ. డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎన్ని కుట్లు, ఎన్ని రంగులు అని కనిపించే చోటే ఎన్ని ట్రిమ్‌లు, అంటే దారం ఎన్ని చోట్ల కోయాలి అన్నది కూడా ఉంటుంది. కుట్ల లెక్క చూసే కళ్ళకు పక్కనున్న ట్రిమ్‌ల లెక్క ఎందుకు కనబడదు? దాన్నిబట్టి కూలి కడితే ఎవరికీ అన్యాయం జరగదు. ఒక లాభం కూడా ఉంది. ట్రిమ్‌లకు డబ్బు ఇవ్వాల్సి వస్తే, తక్కువ ట్రిమ్‌లతో చేసిన మంచి డిజైన్ కొనాలని షాపువాళ్ళకే తోస్తుంది.

షాపువాళ్ళ వైపు మాట కూడా ఉంది, అది నాకూ తెలుసు, మాదీ షాపే. దారం కోసిన ప్రతిసారీ మిషన్ వేగం తగ్గి, ఆగి, కోసి, జరిగి, మళ్ళీ నెమ్మదిగా అందుకుంటుంది. ఒక్కోదానికి 6 సెకన్లు అనుకున్నా 300 ట్రిమ్‌లకు అరగంట. సంక్రాంతి ముందు, శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతం ముందు అరగంట అంటే చిన్న మాట కాదు. అందుకని కట్టర్ ఆపేసి గబగబా కుట్టేస్తారు. మిషన్‌కు మిగిలిన ఆ అరగంట ఎక్కడికీ పోదు, కత్తెర పట్టుకున్న అమ్మాయికి రెండు మూడు గంటలై చుట్టుకుంటుంది. మిషన్ కరెంటు బిల్లు లెక్క రాసుకుంటారు, ఆమె గంటలు ఎవరూ రాయరు. రెండు మిల్లీమీటర్ల ఖాళీలకు కట్టర్ ఆపడం సబబే, అక్కడ కోస్తేనే ముడులు గుంపుగా పడి వికారంగా ఉంటుంది. అన్నిటికీ ఆపేయడం మాత్రం పని తప్పించుకోవడం.

రేట్లు పెంచితే జనం సూరత్ నుంచి వచ్చే రెడీమేడ్ వర్క్ వైపు పోతారని ఒకాయన నాతో వాదించాడు. సూరత్‌లో కూడా దారాలు వాటంతట అవే రాలిపోవు కదా. అక్కడ కూడా ఇళ్ళలో కూర్చుని ఆడవాళ్ళే కోస్తున్నారు, చీరకు ఇంత అని ముక్క కూలికే. అసలు ఈ మిషన్ల పుట్టుకలోనే ఈ తంతు ఉంది. 1828 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మల్హౌస్ దగ్గర హైల్మాన్ అనే ఆయన చేత్తో నడిపే ఎంబ్రాయిడరీ మిషన్ చేశాడు. అది స్విట్జర్లాండ్‌లో సెయింట్ గాలెన్ చుట్టుపక్కల ఇళ్ళలోకి చేరింది. మిషన్ నడిపేది ఇంటాయన. వందల సూదుల్లో దారాలు ఎక్కించేది భార్యా, పిల్లలూ. పేరు ఇంటాయనది, వచ్చే డబ్బు మిషన్‌ది. 1863లో గ్రోబ్లి అనే స్విస్ ఆయన షిఫ్లీ మిషన్ కనిపెట్టాక సూదులు ఎక్కించే పని తగ్గింది గానీ, మిషన్ పక్కన కూర్చుని చిల్లర పని చేసే ఆడమనిషి మాత్రం తగ్గలేదు. ఇదంతా మా కోడలు చదివి చెప్పింది, నాకు ఆ ఊళ్ళ పేర్లు నోరు తిరగవు.

అంత దూరం ఎందుకు, మన పొందూరు ఉంది. కొండపత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ చిన్న పళ్ళతో దువ్వితే గింజకు అంటుకున్న చెత్తంతా పోయి పోగు వరసకు వస్తుంది. పొందూరు ఖాదీ గురించి ఎవరు రాసినా ఆ దవడ గురించి రాయకుండా ఉండరు. శుభ్రం చేసే పనిని బట్ట గొప్పదనంలో కలిపి చెప్పుకునే జిల్లా మనది. అలాంటి చోట ఎంబ్రాయిడరీకి వచ్చేసరికి ఆ పని లెక్కలోకి రాకపోవడం నాకు మింగుడుపడదు.

కస్టమర్లకూ ఒక మాట. జాకెట్టు తీసుకునేటప్పుడు ముందు వైపు చూసి మురిసిపోకండి, తిప్పి చూడండి. ఇప్పుడు అన్నిటికీ లైనింగ్ వేస్తున్నారు కాబట్టి వెనక ఏం జరిగినా కనబడదని ధీమా. పైన పటారం, లోన లొటారం. లేత గులాబీ జార్జెట్ కింద ముదురు రంగు కొసలు గీతల్లా కనబడతాయి, ఎండలో నిలబడితే ఇంకా తెలుస్తాయి. లంగా అంచు మీద జంప్ దారం వదిలేస్తే పిల్ల మెట్లు ఎక్కేటప్పుడు పట్టీ మువ్వకు తగులుకుంటుంది. చేతుల మీద వదిలేస్తే గాజులకు తగులుకుంటుంది. తగులుకున్న దారం ఒక్కటే రాదు, పువ్వును కూడా తీసుకొస్తుంది. చిన్నపిల్లల గౌన్లకైతే వెనక మెత్తటి ఫ్యూజింగ్, అంటే ఇస్త్రీతో అతుక్కునే గుడ్డ అతికించమని అడగండి, గుచ్చుకోదు. మంచి పని చేసినవాళ్ళు తిప్పి చూపించమంటే సంతోషంగా చూపిస్తారు. మొహం చిట్లించారంటే విషయం మీకే అర్థమవుతుంది. అలాగని గుడ్డకు అంటుకుని ఒక్క కొస కూడా లేకుండా ఉండాలని పట్టుబట్టకండి. వెనక అర సెంటీమీటరు కొసలు ఉండటం మంచి పనికి గుర్తు, అశ్రద్ధకు కాదు. ఈమధ్య ఒకావిడ వచ్చి ఆ కొసలన్నీ నా ఎదుటే తన గోరు కత్తెరతో నున్నగా కోసుకుని వెళ్ళింది. వద్దంటే వినలేదు. ఇంకోచోట కోసేటప్పుడు మెడ దగ్గర పట్టుకే గాటు పడిందని ఏడుస్తూ తెచ్చిన ఇంకొకావిడకు, గాటు వెనక చిన్న ఫ్యూజింగ్ ముక్క అతికించి, పైన డిజైన్‌లోదే ఒక మొగ్గ కుట్టి ఇచ్చాం. రెండో వైపు కూడా అలాంటి మొగ్గే వేశాం, లేకపోతే అతుకని తెలిసిపోతుంది.

కుట్టు శిక్షణ ఇచ్చే కేంద్రాల వాళ్ళకు నా మనవి. మిషన్ ఎలా ఆన్ చేయాలో, ఫ్రేమ్ ఎలా బిగించాలో నేర్పుతున్నారు, మంచిదే. దారాలు కోయడానికి కూడా ఒక పూర్తి రోజు ఇవ్వండి. పాలిస్టర్, రేయాన్, జరీ మూడూ చేతికిచ్చి కోయించండి, కాల్చి చూపించండి. లాక్ కుట్టు ఉన్న పువ్వూ, లేని పువ్వూ పక్కపక్కన పెట్టి వేలితో గీకించండి. డిజైన్‌లో ట్రిమ్‌ల సంఖ్య ఎక్కడ కనిపిస్తుందో చూపించండి. నేర్చుకుని వెళ్ళిన అమ్మాయి రేపు కూలికి వెళ్ళినా, సొంత షాపు పెట్టినా, తన పని లెక్క తను చెప్పుకోగలుగుతుంది. పరీక్షలో మార్కులు వేసేటప్పుడు బట్టను తిరగేసి కూడా మార్కులు వేయండి. కుట్టే వాళ్ళకు కుర్చీ ఇచ్చి కోసేవాళ్ళను నేల మీద కూర్చోబెట్టే అలవాటు కూడా శిక్షణ దగ్గరే పోవాలి. ఫ్రేమ్ ఒళ్ళో పెట్టుకుని రోజంతా వంగి కూర్చుంటే మెడ ఏమవుతుందో నన్నడగండి. ఛాతీ ఎత్తుకు వచ్చే బల్ల, పక్కన దీపం, మూతికి పల్చటి గుడ్డ ఉంటే చాలు. పేపర్ పొట్టూ, నూగూ ముక్కులోకి పోవు.

మా షాపు సంగతి చెప్పకుండా ఇతరులకు సలహాలివ్వడం బాగుండదు. సీజన్‌లో మాకూ ఇద్దరు అమ్మాయిలు సాయం వస్తారు. కిందటి పెళ్ళిళ్ళ సీజన్ నుంచి నోటు పుస్తకంలో జాకెట్టు పేరు పక్కన కుట్లు ఎన్నో, ట్రిమ్‌లు ఎన్నో రెండూ రాస్తున్నాం. ట్రిమ్‌లను బట్టే వాళ్ళకు కూలి. చేత్తో కోయాల్సిన జంప్ అయితే ఒక రేటు, మిషన్ కోశాక కొసలు సవరించడానికి అందులో సగం. కస్టమర్ బిల్లులో ఫినిషింగ్ అని విడిగా ఒక లైను పెట్టాం. మొదట్లో ఇదేంటని అడిగారు. జాకెట్టు తిప్పి చూపించి చెబితే చాలామంది ఇచ్చారు, కొందరు బేరమాడారు, ఒకరిద్దరు మానేసి వేరే షాపుకి పోయారు. వేరే షాపుకి పోయినవాళ్ళలో ఒకరు దారాలు కోయించుకోవడానికి మాత్రం నా దగ్గరికే పంపారు. ఆ జాకెట్టుకీ నోటు పుస్తకంలో లెక్క రాసే తీసుకున్నాను.

మా సందులోనే ఉన్న మరో షాపాయన ఇదంతా విని నవ్వాడు. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి మాత్రం నోటు పుస్తకం పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్ళింది. ఈ వారం ఆయనే వచ్చి, ట్రిమ్‌కు ఎంత పెట్టారని అడిగాడు. చెప్పాను. ఇంకా ఏమీ తేల్చలేదు.

ఇట్లు,
ఎంబ్రాయిడరీ షాపులో దారాలు కోసే ఒక పాఠకురాలు,
శ్రీకాకుళం